బడి ఎగ్గొట్టిన పిల్లల ఊళ్లలో నాలుగు రోజులు

మొదటి రోజు, బుధవారం

"అత్తయ్యా, నిజంగా అలబామాకేనా?" అని మా అల్లుడు కారు తాళాలు చేతిలో పట్టుకుని మూడోసారి అడిగాడు. "ఫ్లోరిడా అయితే సముద్రమైనా ఉంటుంది."

మనవరాలి బడికి ఏప్రిల్‌లో వారం రోజుల సెలవులు. ఆ వారం అట్లాంటా తెలుగువాళ్లలో సగం మంది ఫ్లోరిడా ఇసుకలోనే కనిపిస్తారని మా అమ్మాయి అంటుంది. నేను మాత్రం పట్టు వదల్లేదు. ముప్ఫై మూడేళ్లు ప్రభుత్వ బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. పదో తరగతిలో అమెరికా నల్లవాళ్ల పౌరహక్కుల పాఠం వచ్చినప్పుడు బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్న రోసా పార్క్స్ సంగతి, మార్టిన్ లూథర్ కింగ్ సంగతి చెప్పి, బోర్డు మీద రెండు తేదీలు రాసి, గంట కొట్టగానే బయటికి వచ్చేదాన్ని. ఆ పోరాటం ఒక దశలో చతికిలబడితే దాన్ని లేపి నిలబెట్టింది బడిపిల్లలనీ, వాళ్లంతా ఆ రోజు బడి ఎగ్గొట్టి వచ్చారనీ నాకు రిటైరయ్యాకే తెలిసింది. టీచరుగా పనిచేసినదాన్ని కాబట్టి ఆ సంగతి నన్ను ఒకచోట గుచ్చింది. ఎక్కడో రేపటి రోజులో చెబుతాను.

పులిహోర, పెరుగన్నం, ఒక డబ్బా సకినాలు సర్దుకుని బయల్దేరాం. అట్లాంటా నుంచి బర్మింగ్‌హామ్ రెండున్నర గంటల దారి. జార్జియా దాటి అలబామాలో అడుగుపెట్టగానే ఫోనులో గడియారం గంట వెనక్కి వెళ్లింది. "అమ్మమ్మా, మనకు ఒక గంట ఊరికే వచ్చింది!" అని మనవరాలు సంబరపడింది. వచ్చేటప్పుడు ఆ గంట తిరిగి ఇచ్చెయ్యాలని నేను చెప్పలేదు.

బర్మింగ్‌హామ్ పాత ఊరేమీ కాదు. 1871లో పుట్టింది. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ పక్కపక్కనే దొరకడంతో కొలిమి వెలిగింది, ఊరు పెరిగింది. కొండ మీద వల్కన్ అనే రోమన్ కమ్మరి దేవుడి విగ్రహం ఉంది, యాభై ఆరు అడుగుల పోత ఇనుము. సాయంత్రం ఎండలో కింద నిలబడి చూస్తే మన విశ్వకర్మకు దూరపు చుట్టంలా అనిపించాడు. ఇనుము గనుల్లోనూ కొలిముల దగ్గరా ఒళ్లు కాల్చుకున్నవాళ్లలో చాలామంది నల్లవాళ్లు. ఊరి చట్టాలు మాత్రం వాళ్లను ఎంత దూరం పెట్టాయంటే, నల్లవాడూ తెల్లవాడూ కలిసి చదరంగపు పలక ముందు కూర్చుని చెకర్స్ ఆడినా నేరమే. పార్కుల్లో అందరినీ రానివ్వాలని కోర్టు చెబితే, ఈ ఊరి పెద్దలు 1962లో అరవై ఏడు పార్కులనూ మూసేశారు. తమ పిల్లలు ఆడుకోకపోయినా ఫరవాలేదు, వాళ్ల పిల్లలు మాత్రం ఆడుకోకూడదు!

రాత్రి హోటల్లో చూసుకుంటే మనవరాలు పళ్లు తోముకునే బ్రష్షు మరిచిపోయి వచ్చింది. అల్లుడు మళ్లీ కారు తీసి వెళ్లి ఊదారంగుది ఒకటి కొనుక్కొచ్చాడు.

రెండో రోజు, గురువారం

పొద్దున్నే కెల్లీ ఇంగ్రామ్ పార్కుకు వెళ్లాం. పెద్ద పార్కేమీ కాదు, ఒక వీధి చతురస్రం అంతే. ఒక మూల అవతల పదహారో వీధి బాప్టిస్టు చర్చి, ఇంకో పక్క పౌరహక్కుల మ్యూజియం. జరిగినదంతా ఈ కొద్ది చోటులోనే జరిగిందని అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. మా ఊరి బస్టాండు ఆవరణ ఇంతకంటే పెద్దది.

1963 ఏప్రిల్ 3న ఇక్కడ ఉద్యమం మొదలైంది. దుకాణాల్లో భోజనం బల్లల దగ్గర కూర్చోనివ్వాలి, బట్టలు వేసి చూసుకునే గదుల్లోకి రానివ్వాలి, గుమాస్తా ఉద్యోగాలివ్వాలి. అడిగినవి ఇవే. కింగ్ తానే జైలుకు వెళ్లాడు. అక్కణ్నుంచి రాసిన ఉత్తరం లోకమంతా చదివింది. అయినా నెలాఖరుకు జైళ్లు నింపి ఊరి మీద ఒత్తిడి తేవడానికి మనుషులు దొరకని పరిస్థితి. పిరికితనమనడానికి లేదు. ఊరేగింపులో కనిపించిన మనిషికి మర్నాడు పని ఉండదు, అద్దె ఇల్లు ఉండదు, అప్పు పుట్టదు. యజమాని తెల్లవాడు, ఇంటి యజమాని తెల్లవాడు, బ్యాంకువాడూ తెల్లవాడే.

అప్పుడు జేమ్స్ బెవెల్ అనే యువ పాస్టరు లెక్క తిప్పి చూశాడు. జైలుకు వెళ్తే పోయే ఉద్యోగం ఎవరికి లేదు? పిల్లలకు. పిల్లవాడు జైల్లో ఉన్నా ఊరి మీద పడే ఒత్తిడి పెద్దవాడు ఉన్నంతే. ఈ బెవెల్‌కు అహింసా పాఠాలు నేర్పినవారిలో ముఖ్యుడు జేమ్స్ లాసన్. ఆ లాసన్ 1953 నుంచి మూడేళ్లు మన నాగపూర్‌లో హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీని చదువుకున్నాడు. వరంగల్‌లో సాయంత్రం రైలెక్కితే తెల్లారకముందే నాగపూర్. ఇంత దగ్గరలో చదివిన పాఠం అంత దూరంలో బడిపిల్లల దాకా వెళ్లింది.

సాయంత్రాలు చర్చిల్లో శిక్షణ. కొడితే ఎలా ముడుచుకోవాలి, తిడితే ఎలా నోరు మెదపకుండా ఉండాలి, కుక్కను మీదికి వదిలితే ఏం చెయ్యాలి. రేడియోలో నల్లవాళ్ల అభిమాన వ్యాఖ్యాతలు పాటల మధ్యలో సంకేతం వదిలారు: పార్కులో పెద్ద విందు ఉంది, పళ్లు తోముకునే బ్రష్షు తెచ్చుకోండి అని. బ్రష్షు ఎందుకు? ఆ రాత్రి ఇంటికి రారు కాబట్టి. ఇది చెప్పగానే మనవరాలు నా చెయ్యి వదిలేసి, వాళ్ల నాన్న వైపు తిరిగి, "నేనైతే మరిచిపోయేదాన్ని" అంది.

మే 2, గురువారం. మేం వెళ్లిందీ గురువారమే. పార్కర్ హైస్కూల్లో పిల్లలు బయటికి వెళ్లకుండా ప్రధానోపాధ్యాయుడు గేట్లకు తాళాలు వేయించాడు. పిల్లలు కంచె ఎక్కి దూకారు. ఇంకో బడిలో పిల్లలు లేచి వెళ్తుంటే టీచరు బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ ఉండిపోయారట, చూడలేదు కాబట్టి ఆపలేదని చెప్పుకోవడానికి. తన ఉద్యోగం నిలవాలి, పిల్లలూ వెళ్లాలి. ఆ వీపును తలచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది.

నేను బోర్డు వైపు తిరగలేదు. 2009 డిసెంబరు మొదటి వారంలో తెలంగాణ ఉద్యమం ఊళ్లను ఊపేస్తున్న రోజుల్లో నేను వరంగల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయురాలిని. తొమ్మిది, పది తరగతుల పిల్లలు చౌరస్తాలో ఊరేగింపుకు వెళ్తామన్నారు. గేటుకు తాళం వేయించింది నేనే. లాఠీలకు భయపడ్డాను. ఆ భయం నిజమే. పైనుంచి ఎవరైనా సంజాయిషీ అడుగుతారేమోనన్న భయం కూడా నిజమే. ఏది ఎంత పాలో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. అయినా ఐదుగురు ఎలాగో వెళ్లారు. మర్నాడు హాజరుపట్టీలో ఆ ఐదు పేర్ల ఎదుట ఎర్ర సిరాతో గైర్హాజరు వేశాను.

ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో ఆ మే 2 మధ్యాహ్నం చర్చి తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరిద్దరుగా, యాభై మంది ఒక జట్టుగా, పాడుతూ మెట్లు దిగారు. పోలీసులు పట్టుకుని వ్యాను ఎక్కించారు. లోపలినుంచి ఇంకో యాభై. మళ్లీ ఇంకో యాభై. వ్యాన్లు చాలక చివరికి బడి బస్సులే రప్పించి ఎక్కించారట. పొద్దున బడికి పోనివాళ్లు మధ్యాహ్నం బడి బస్సులో జైలుకు వెళ్లారు. ఆ ఒక్క రోజే వందల్లో అరెస్టులు.

మర్నాటికి జైలు నిండిపోయింది. పోలీసు, అగ్నిమాపక శాఖలు రెండూ బుల్ కానర్ అనే కమిషనర్ చేతిలో ఉండేవి. పట్టి పెట్టే చోటు లేదు కాబట్టి తరిమేద్దామని నీటి గొట్టాలు, కుక్కలు తెప్పించాడు. అగ్నిమాపక గొట్టం అంటే మన తోట పైపు కాదు. రెండు గొట్టాల నీటిని ఒక ముట్టెలోకి కలిపి, ముక్కాలిపీట మీద బిగించి వదిలేవారు. చెట్టు బెరడు ఊడిపోయేంత వేగం. పిల్లలు ఒకరినొకరు వాటేసుకుని నేల మీద కూర్చుంటే కూర్చున్నవాళ్లను కూర్చున్నట్టే రోడ్డు మీద దొర్లించింది.

పార్కులో ఈ ఘట్టాలను శిల్పాలుగా పెట్టారు. నడకదారికి అటూ ఇటూ రెండు గోడలు, ఆ గోడల్లోంచి కంచు కుక్కలు దారి మీదికి ఎగబడుతుంటాయి. పార్కు చుట్టూ నడవాలంటే వాటి మధ్యలోంచే పోవాలి. ఎదర ఒక కుక్క కోరలు నాకు నడుము దగ్గర ఉంటే మనవరాలికి ముఖం ఎదురుగా ఉన్నాయి. ఆ ఎత్తు తేడా ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. మనవరాలు కాసేపు ఆగింది. తర్వాత ఒక్క వేలితో కోరను ముట్టుకుని, "చల్లగా ఉంది" అని గబగబా దాటేసింది. ఇంకోచోట కటకటాల ముందు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి నిలబడి ఉంటారు. కింద చెక్కిన మాట: మీ జైలంటే నాకు భయం లేదు.

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అంటారు మనవాళ్లు. నేనూ క్లాసులో ఎన్నిసార్లు అన్నానో. ఈ పిల్లకాకులకు ఉండేలు దెబ్బ బాగా తెలుసు. ఊళ్లో నల్లవాళ్ల ఇళ్ల మీద ఎన్ని బాంబులు పడ్డాయంటే, ఊరి పేరునే బాంబింగ్‌హామ్ అని మార్చి పిలిచేవారు. ఒక పేట పేరు డైనమైట్ కొండ. ఆ చప్పుళ్ల మధ్య పుట్టినవాళ్లకు బయటికి వస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. "పాపం, పిల్లల్ని ముందుకు తోశారు" అనే మాట అప్పుడూ వినిపించింది, ఇప్పుడూ వినిపిస్తుంది. నల్లవాళ్ల నాయకుడే అయిన మాల్కం ఎక్స్ అన్నాడు, అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ అన్నాడు. కింగ్ కూడా మొదట వెనకాముందాడాడు. ఆ మాటను నేను తీసిపారెయ్యలేను. ఒక్క కుక్క పట్టు తప్పి ఉంటే? ఒక పిల్ల తల రాతి గోడకు తగిలి ఉంటే? కాని తల్లిదండ్రుల్లో చాలామందికి సాయంత్రం దాకా తెలియనే తెలియదు. తోసినవాళ్లకంటే తప్పించుకుని వచ్చినవాళ్లే ఎక్కువ.

వాళ్లలో తెలిసినంతలో ఆడ్రీ ఫే హెండ్రిక్స్ అందరికంటే చిన్నది. తొమ్మిదేళ్లు, మూడో తరగతి. తాను జైలుకు వెళ్తానని ఇంట్లో చెప్పి మరీ వెళ్లింది. వారం రోజులు లోపల ఉంది. మా మనవరాలికీ తొమ్మిదేళ్లే, అదీ మూడో తరగతే. మా అమ్మాయి నా వైపు చూసింది, నేను శిల్పం వైపు చూశాను. "నువ్వు పంపిస్తావా?" అని ఇద్దరం అడగలేదు.

రోడ్డు దాటితే చర్చి. చర్చికి ఎదురుగా పార్కు మూలన నలుగురు అమ్మాయిల కంచు బొమ్మలు. ఒక అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఇంకో అమ్మాయి గౌను నడికట్టు ముడి వేస్తోంది. 1963 సెప్టెంబరు 15, ఆదివారం, పదీ ఇరవై రెండు. ఆ రోజు చర్చిలో పిల్లల ప్రత్యేక ప్రార్థన. నేలమాళిగలో అద్దం ముందు తయారవుతున్నారు. ఆడీ మే కాలిన్స్ పద్నాలుగేళ్లు, సింథియా వెస్లీ పద్నాలుగు, కరోల్ రాబర్ట్‌సన్ పద్నాలుగు, డెనిస్ మెక్‌నెయిర్ పదకొండు. బాంబు పేలే ముందు ఆడీ మే నిజంగానే డెనిస్ నడికట్టు ముడి వేస్తోందని పక్కనే ఉన్న ఆమె చెల్లెలు సారా తర్వాత చెప్పింది. సారా బతికింది, ఒక కన్ను పోయింది. అదే రోజు ఊళ్లో వర్జిల్ వేర్, జానీ రాబిన్సన్ అనే ఇద్దరు అబ్బాయిలను కాల్చి చంపారు. శిల్పంలో ఎగురుతున్న పావురాలు ఆరు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. బాంబు పెట్టిన నలుగురిలో మొదటివాడికి శిక్ష పడింది 1977లో, చివరివాడికి 2002లో. ఒకడు కేసు లేకుండానే పోయాడు.

చర్చి లోపల వెనక బాల్కనీ వైపు పెద్ద రంగుటద్దాల కిటికీ, చేతులు చాచిన నల్ల క్రీస్తు. వేల్స్ దేశపు ప్రజలు చందాలేసి పంపారు. ఒక్కొక్కరు అరక్రౌను అనే చిన్న నాణేనికి మించి ఇవ్వకూడదని నియమం పెట్టారట, ఏ ధనవంతుడో మొత్తం కట్టేసి పేరు కొట్టెయ్యకుండా. మన గుళ్లలో ట్యూబులైటు మీద కూడా దాత పేరు రాసి ఉంటుంది కదా, ఆ నియమం నాకు తెగ నచ్చింది.

మధ్యాహ్నం మ్యూజియంలో తెల్లవాళ్లకు ఒకటి, నల్లవాళ్లకు ఒకటి మంచినీళ్ల కొళాయిలు చూసి మనవరాలు, "నీళ్లు ఒకటే కదా అమ్మమ్మా?" అంది. ఒకటే. మా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో రెండు రకాల గ్లాసులు ఉండేవి. బయట చూరుకింద బోర్లించి పెట్టినవి మాదిగవాడ వాళ్లకు, తాగినవాళ్లే కడిగి పెట్టాలి. టీ మాత్రం ఒకే గిన్నెలోది. అది చెప్పాను. "మరి నువ్వేం చేశావు?" అంది. నాకప్పుడు ఏడేళ్లన్నాను. ఆడ్రీ కంటే రెండేళ్లు చిన్న, అంతే కదా అన్నట్టు చూసింది. అనలేదులెండి, నాకే అలా అనిపించింది.

రాత్రి పడుకోబోతూ మళ్లీ హాజరుపట్టీయే గుర్తొచ్చింది. పిల్లలు రోడ్డెక్కిన ఎనిమిది రోజులకే, మే 10న, వ్యాపారులు దిగొచ్చి ఒప్పందం కుదిరింది. పిల్లలు బడికి తిరిగొచ్చారు. మే 20న విద్యామండలి 1,081 మంది విద్యార్థులను బహిష్కరించో సస్పెండ్ చేసో బయటికి పంపింది. వాళ్లలో చాలామందికి బడి చదువు ముగిసే నెల అది. రెండు రోజుల్లోనే ఫెడరల్ అప్పీలు కోర్టు న్యాయమూర్తి ఎల్బర్ట్ టటిల్ ఆ ఉత్తర్వు కొట్టేశాడు. పైవాళ్లు రాసిన గైర్హాజరును అంత తొందరగా కొట్టేసినవాళ్లు నా ఎరుకలో ఇంకొకరు లేరు.

కటకటాల ముందు పిల్లల శిల్పం ఫొటో తీసి, ఆ ఐదుగురిలో ఒకడికి ఫోనులో పంపాను. ఇప్పుడు హనుమకొండలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు. కింద రెండు ముక్కలు రాశాను: "2009లో గేటు తాళం నేనే వేయించాను. గుర్తుందా?"

మూడో రోజు, శుక్రవారం

జవాబు రాలేదు. అక్కడ పగలే, దుకాణంలో జనం ఉంటారని సర్దిచెప్పుకున్నాను.

మాంట్‌గోమరీ గంటన్నర దారి. ఊరి నడిబొడ్డున రోసా పార్క్స్ నిలువెత్తు విగ్రహం ఉంది, 2019లో పెట్టారు. దాని దగ్గర నేలలో నలుగురు ఆడవాళ్ల పేర్లతో నాలుగు గుర్తులున్నాయి. నేను వెతుక్కుంటూ వచ్చింది ఆ గుర్తుల్లో ఒకదాని కోసం: క్లాడెట్ కోల్విన్.

1955 మార్చి 2. రోసా పార్క్స్ అరెస్టుకు తొమ్మిది నెలల ముందు. పదిహేనేళ్ల క్లాడెట్ బడి నుంచి ఇంటికి పోతూ బస్సెక్కింది. తెల్లావిడకు సీటు ఇవ్వమంటే లేవనంది. అంతకుముందు నెల బడిలో నల్లవాళ్ల చరిత్ర చదివింది. బానిసత్వం మీద పోరాడిన నల్ల వీరవనితలు, ఒక భుజం మీద హ్యారియెట్ టబ్‌మన్, ఇంకో భుజం మీద సొజర్నర్ ట్రూత్ చెయ్యి వేసి నొక్కి కూర్చోబెట్టినట్టు అనిపించిందని ఆమె పెద్దయ్యాక చెప్పింది. పోలీసులు సంకెళ్లు వేసి పెద్దవాళ్ల జైల్లో పెట్టారు. చరిత్ర పాఠం ఒక పిల్లను సీట్లోంచి లేవకుండా చేస్తుందని ముప్ఫై మూడేళ్ల సర్వీసులో నాకు ఎవరూ చెప్పలేదు. నేను పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగానే చూశాను.

మరి ఉద్యమ పెద్దలు ఆమెనెందుకు ముందు పెట్టలేదు? చిన్నపిల్ల, పేదింటి పిల్ల, బాగా నల్లగా ఉంటుంది, నోరు ఊరుకోదు. ఆ ఏడాదే గర్భం కూడా వచ్చింది. పత్రికలు ఆడిపోసుకోవడానికి వీల్లేని మనిషి కావాలనుకున్నారు. ఉద్యమ వ్యూహంగా అర్థమవుతుంది, మనసుకు మాత్రం మింగుడుపడదు. పెళ్లిచూపుల్లో పక్కింటి పిల్లను దాచిపెట్టినట్టుంది. అయితే, కథ అక్కడ ఆగలేదు. బస్సుల్లో వేర్పాటును చట్టం ముందు ఓడించిన బ్రౌడర్ కేసులో ఫిర్యాదు చేసిన నలుగురు ఆడవాళ్లలో క్లాడెట్ ఒకరు, సాక్ష్యం చెప్పే నాటికి చంకలో పసిబిడ్డ. ఆ కేసులో రోసా పార్క్స్ లేదు! ఊళ్లో నల్లవాళ్లంతా బస్సులెక్కడం ఎందుకు మానేశారని నగర న్యాయవాది అడిగితే, మమ్మల్ని అన్యాయంగా, మురికిగా, నీచంగా చూశారు కాబట్టి అని బోనులో నిలబడి చెప్పింది. 1956 నవంబరు 13న సుప్రీంకోర్టు వాళ్ల వైపే నిలిచింది. ఆ పిల్ల మీద పెట్టిన నేరం రికార్డుల్లోంచి కొట్టేసింది మాత్రం 2021లో, ఆమెకు ఎనభై రెండేళ్లు వచ్చాక.

నేలలో ఆ గుర్తు మీద ఎవరో తాగి పారేసిన కాఫీ కప్పు మూత పడి ఉంది. మనవరాలు తీసి చెత్తడబ్బాలో వేసి వచ్చింది.

మధ్యాహ్నం జాత్యహంకార హత్యలకు గురైనవారి స్మారకానికి వెళ్లాం. పైకప్పు నుంచి వేలాడుతున్న ఎనిమిది వందలకు పైగా ఇనుప స్తంభాలు, ఒక్కొక్క దాని మీద ఒక జిల్లా, దాని కింద పేర్లు. పాపను మా అమ్మాయి బయట గడ్డి మీద ఆడిస్తూ ఉండిపోయింది. దీని గురించి ఇంకేమీ రాయను.

నాలుగో రోజు, శనివారం

సెల్మాకు ఎనభయ్యో నంబరు రహదారి. 1965 మార్చిలో ఓటు హక్కు కోసం నల్లవాళ్లు సెల్మా నుంచి మాంట్‌గోమరీకి యాభై నాలుగు మైళ్లు నడిచిన దారి ఇదే. మేం తిరగేసి, కారులో, ఏసీ వేసుకుని, సకినాలు నములుతూ వెళ్లాం. దారిలో లౌండెస్ జిల్లా వస్తుంది. జనాభాలో నూటికి ఎనభై మంది నల్లవాళ్లు, 1965 మొదట్లో ఓటరు జాబితాలో నల్లవారి పేరు ఒక్కటి కూడా లేదు.

సెల్మా వీధులు చూస్తే దిగులేసింది. సగం దుకాణాలకు చెక్కలు కొట్టి ఉన్నాయి. 2023 జనవరిలో వచ్చిన సుడిగాలి దెబ్బ ఇంకా కొన్ని పైకప్పుల మీద కనిపిస్తోంది. ఏటా మార్చిలో పెద్ద నాయకులు వచ్చి వంతెన మీద ఫొటోలు దిగి వెళ్లే ఊరు ఇలా ఉంటుందని నేను అనుకోలేదు.

బ్రౌన్ చాపెల్ చర్చి పక్కనే ప్రభుత్వ గృహాల వరుసలు. అక్కడే ఉండేది షెయన్ వెబ్ అనే మూడో తరగతి పిల్ల. ఒకరోజు బడికి పోతూ చర్చి దగ్గర జనాన్ని చూసి లోపలికి దూరింది, ఇక బడి కంటే చర్చికే ఎక్కువ వెళ్లింది. పుట్టినరోజుకు ఏం కావాలని అమ్మానాన్నలు అడిగితే, మీరిద్దరూ ఓటు నమోదు చేయించుకోండి అందట. మా మనవరాలు పుట్టినరోజుకు కుక్కపిల్లను అడిగింది. నేనైతే ఆ వయసులో లంగా జాకెట్ అడిగి ఉంటాను.

ఎడ్మండ్ పెట్టస్ వంతెన 1940 నాటిది. పేరేమో బానిసత్వం కోసం యుద్ధం చేసిన సేనాని పేరు, తర్వాత నల్లవాళ్లను హింసించిన కూ క్లక్స్ క్లాన్ అనే రహస్య ముఠాలోనూ పెద్ద తలకాయే. నడిచి చూడాల్సిందే ఈ వంతెనను. నడుము విరిచినట్టు మధ్యలో ఎత్తుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు అవతలి ఒడ్డు కనిపించదు. ఎదురుగా ఉక్కు కమాను, ఆకాశం, అంతే. మార్చి 7, ఆదివారం, ముందువరసలో ఉన్నవాళ్లకు శిఖరం చేరాకే కింద రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ పోలీసు దళం కనిపించింది. వెనక్కి తిరిగే వీలు లేదు, వెనక ఆరువందల మంది. మేం శిఖరం మీద ఆగాం. కింద అలబామా నది మట్టిరంగులో మెల్లగా పోతోంది. మనవరాలు కమ్మీలు పట్టుకుని, "ఇక్కడనుంచి పరిగెత్తారా?" అని అడిగింది. లాఠీలు, బాష్పవాయువు, గుర్రాలు. షెయన్ పరిగెడుతుంటే హోసియా విలియమ్స్ అనే నాయకుడు చంకనెత్తుకుని ఉరికాడు. "దించండి నన్ను, మీరు వేగంగా పరిగెత్తడం లేదు" అందట ఆ పిల్ల. ఇది విని మా పాప పడీపడీ నవ్వింది. ఆ వంతెన మీద నవ్వొచ్చినందుకు నాకు తప్పుగా అనిపించలేదు.

నవ్వు రానిది లిండా బ్లాక్‌మన్ సంగతి. పద్నాలుగేళ్లు. అప్పటికే తొమ్మిదిసార్లు అరెస్టయింది. ఆ ఆదివారం కంటి పైన ఏడు కుట్లు, తల వెనక ఇరవై ఎనిమిది. రెండు వారాల తర్వాత అందరికంటే చిన్నదిగా యాభై నాలుగు మైళ్లూ నడిచింది. గవర్నర్ జార్జ్ వాలెస్‌కు తన కట్లు చూపించాలని పట్టుదల. దారిలోనే, రెండో రోజు, పదిహేనో పుట్టినరోజు వచ్చింది.

ఆ ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 3న ఇంకో చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. వలసలో దేశాన్ని బట్టి, జాతిని బట్టి పెట్టిన కోటాలను తీసేసిన చట్టం. అంతకుముందు భారతీయులకు ఏడాదికి వంద చోట్లు, అంతే. రెండు చట్టాలనూ ఒకే గాలి తోసింది. తిరుగు ప్రయాణంలో ఇది చెబితే, ఇరవై ఏళ్ల క్రితం ఉద్యోగం మీద వచ్చిన మా అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాకు ఎవరూ చెప్పలేదు అత్తయ్యా" అన్నాడు. ఫ్లోరిడా మాట మళ్లీ ఎత్తలేదు.

జార్జియా సరిహద్దు దాటగానే గడియారం గంట ముందుకు దూకింది. మనవరాలు నిద్రలో ఉంది, గంట పోయిన సంగతి దానికి తెలియలేదు. ఊదారంగు బ్రష్షు సెల్మాకు వచ్చే ముందు హోటల్లోనే మరిచిపోయిందని ఇంటికి చేరాక తేలింది.

సామాను దించుతుండగా ఫోను మోగింది. హనుమకొండలో ఆదివారం పొద్దున. జవాబు ఇలా ఉంది:

"నమస్తే టీచర్. గుర్తుంది. గేటు వేశారని మాకు కోపమేమీ లేదు. మరుగుదొడ్ల వెనక గోడ కూలిపోయి ఉందని మీకు తెలుసు కదా! తెలిసే గేటు దగ్గరే నిలబడ్డారని మేమందరం అనుకున్నాం."

ఆ గోడ సంగతి నాకు తెలియదు. జవాబు ఇంకా రాయలేదు.